నాపబండల మీద రైలు

డోన్‌లో రైళ్ళకేమీ కరువు లేదు. గుంతకల్లు వైపు నుంచి ఒకటి, నంద్యాల వైపు నుంచి ఒకటి, కర్నూలు వైపు నుంచి ఇంకొకటి, పగలనక రాత్రనక వచ్చి పోతూనే ఉంటాయి. ఇక్కడి చంటిపిల్లలు కూడా రైలు కూతకు ఉలిక్కిపడరు. అలాంటి ఊళ్ళో ఇంటి మీద గది కట్టుకుని, అందులో బొమ్మ రైలు పెట్టుకుని, దానికి స్టేషన్లు కట్టుకుంటూ కూర్చున్న నాగసుబ్బయ్యను చూసి జనం నవ్వారంటే తప్పు జనానిది కాదు. ఆయనకు రైలుశెట్టి అని పేరు పెట్టారు. ఆయనా ఆ పేరుకే పలుకుతాడు.

ఆయన చేసేది బండల వ్యాపారం. బేతంచెర్ల నుంచి నాపబండలు తెప్పించి ఇళ్ళు కట్టుకునేవాళ్ళకు అమ్ముతాడు. తండ్రి పెట్టిన కొట్టు అది. చిన్నతనంలో నాగసుబ్బయ్యకు గూడ్సుబండి గార్డు కావాలని ఉండేది. చివరి పెట్టెలో ఒక్కడే నిలబడి, పచ్చజెండా ఊపుకుంటూ ఊళ్ళన్నీ దాటిపోయే ఉద్యోగం కన్నా గొప్పది లోకంలో లేదనుకునేవాడు. చదువు కాగానే తండ్రి తీసుకుపోయి గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టాడు. తనకు గార్డు కావాలని ఉన్నట్టు కొడుకు ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. చెప్పవలసిన మాట గొంతు దాకా వచ్చి ఆగిపోవడం నాగసుబ్బయ్యకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

కూతురు సుచరితకు మూడేళ్ళప్పుడు, ఆడుకుంటుందని చెప్పి మద్రాసు నుంచి చిన్న ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా తిరిగే పట్టాలు తెచ్చాడు. ఆ పిల్ల కొన్నాళ్ళు ఆడి బొమ్మలపెళ్ళిళ్ళలో పడింది. రైలు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. తరువాత చెక్కబల్ల వచ్చింది, బల్ల మీదికి డోన్ స్టేషను వచ్చింది, సిగ్నళ్ళు వచ్చాయి. సుచరిత పెరిగి పెద్దదై, నందికొట్కూరు కోడలై వెళ్ళిపోయినా పైగదిలో బండి మాత్రం వేళకు నడుస్తూనే ఉంది.

పోయిన వానాకాలంలో ఒకనాడు ప్లాట్‌ఫారం సర్దుదామని బల్ల అంచు పట్టుకుంటే ఆయన చెయ్యి లోపలికి దిగబడింది. చెదలు. పైన రంగు తప్ప లోపల చెక్క లేదు. డోన్ జంక్షను మొత్తం మట్టిపొరల మీద నిలబడి ఉంది. నాగసుబ్బయ్య రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. మూడోపూట మాత్రం తలెత్తి, ఇక చెక్క మాటే వద్దనుకున్నాడు. చెదలు రాయిని తినవు. తన కొట్లో రాయికేం తక్కువ?

ఇది బండల వ్యాపారికి తప్ప ఇంకెవరికీ వచ్చే ఆలోచన కాదు. ఇనుప స్టాండు కొట్టించాడు. దాని మీద పరవడానికి కొట్లోంచి మంచి నాపబండలు ఏరి హమాలీలతో మెట్లెక్కించాడు. ఎటూ కొత్తగా కడుతున్నాం కదా అని లైను పొడిగించాడు. డోన్‌తో ఆగకుండా బేతంచెర్ల, పాణ్యం, నంద్యాల, గాజులపల్లి, ఆ తరువాత నల్లమల కొండ, కొండలో సొరంగం. ఆ కొండ కూడా రాతిముక్కలదే. చుట్టూ తిరిగి చూడడానికి వీలుండాలని అంతా గది నడిమధ్యన పెట్టించాడు.

హమాలీలు చెమటలు కక్కుకుంటూ పైకెక్కుతుంటే భార్య సుబ్బరత్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఎవురన్నా ఇంటి నెత్తిన బండలు పేరుస్తారా? కింద మనుషులు పండుకోవల్ల."

"ఇన్నేండ్లుగా బండల యాపారం చేస్తాండా. ఏ బండ యాడ పెట్టల్లో నాకు తెలీదా?" అన్నాడాయన.

అంత గట్టిగా అనవలసింది కాదు.

కొండకు చివరి రాయి పేర్చిన వారంలోనే సుచరిత పురిటికి వచ్చింది. తొలికాన్పు, ఆడపిల్ల. ఆస్పత్రి నుంచి తెచ్చి పైగదికి సరిగ్గా కింద ఉన్న గదిలో పడుకోబెట్టారు. గాలి తగలని గది, బాలింతకు అదే మంచిది. గుమ్మానికి వేపమండలు కట్టి, సాంబ్రాణి పొగ వేసి, ఆ గదిని సుబ్బరత్నమ్మ తన రాజ్యం చేసుకుంది.

మర్నాడు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు నాగసుబ్బయ్య. గుప్పిళ్ళు మూసుకుని, పెదవులు చప్పరిస్తూ నిద్రపోతోంది. ఆనందం పట్టలేక, దేవుడికి దండం పెట్టుకుందామన్నట్టు తల పైకెత్తాడు. కప్పులో ఫ్యాను కొక్కెం దగ్గర మొదలై, వెంట్రుకంత సన్నటి నెర్రె ఒకటి గోడ వైపు పాకుతూ కనిపించింది. దానికి అటూ ఇటూ లెక్కవేసుకున్నాడు. సరిగ్గా దాని మీద నంద్యాల ఉంది. నంద్యాల దాటితే కొండ ఉంది.

బిడ్డను మెల్లగా కూతురి పక్కన పడుకోబెట్టాడు.

పాత నెర్రె కావచ్చు, తనే ఎప్పుడూ చూసుకోలేదు కావచ్చు అని సర్దిచెప్పుకున్నాడు. ఆ నెర్రె పెరుగుతోందో లేదో కనిపెట్టడానికి ఇళ్ళు కట్టే బేల్దారులు చేసే పని ఒకటి ఆయనకు తెలుసు. దాని మీద అడ్డంగా ఏదైనా అంటిస్తారు. కప్పు కదిలితే అది తెగుతుంది. బూజు దులుపుతానని స్టూలు వేసుకుని, పలచటి కాగితంముక్క ఒకటి మైదాపిండి జిగురుతో నెర్రెకు అడ్డంగా అంటించాడు.

"ఏంది నాయనా అది?" అంది మంచం మీద నుంచి సుచరిత.

"ఏం లేదమ్మా. దుమ్ము రాలుతాందని."

అది మొదలు ఆయనకు కొట్లో కాలు నిలవలేదు. బండ కొలిచేటప్పుడు కాగితం గుర్తొస్తుంది, ఫోనులో డబ్బులు పడిన చప్పుడుకు కూడా ఉలిక్కిపడతాడు. ఏదో ఒక వంక పెట్టుకుని ఇంటికి వస్తాడు. గదిలోకి తొంగి చూస్తాడు. కాగితం తెగలేదు. ఊపిరి పీల్చుకుంటాడు. తాత మనవరాలిని విడిచి ఉండలేకపోతున్నాడని ఇరుగుపొరుగు ముచ్చటపడ్డారు. ఆయన ఒక్కసారి కూడా ముందు బిడ్డను చూడలేదు. ముందు కప్పును చూసేవాడు.

గది మార్పించాలని చూశాడు. ఈ గదిలో ఉక్కగా ఉందన్నాడు, దోమలున్నాయన్నాడు. సుబ్బరత్నమ్మ ససేమిరా అంది.

"పురిటి నీళ్ళు పోసేదాకా బాలింత గది మార్చకూడదు. వచ్చేపోయే జనం మధ్య హాల్లో పెట్టమంటారా పసిగుడ్డును? ఎవురి కండ్లు ఎట్లుంటాయో!"

నిజం చెబితే ఒక్క నిమిషంలో గది ఖాళీ చేస్తుందని ఆయనకు తెలుసు. ఆ నిమిషం తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు. హమాలీలు వస్తారు. కొండ దిగుతుంది, నంద్యాల దిగుతుంది, డోన్ దిగుతుంది. మళ్ళీ కట్టే ఓపిక ఈ వయసులో లేదు. పైగా 'నాకు తెలీదా' అన్న మాట ఒకటి ఉంది కదా, అది ముల్లులా అడ్డం పడింది. రేపు చూద్దాం అనుకున్నాడు. రేపు వచ్చాక కాగితం తెగలేదు కదా అనుకున్నాడు.

ఇది చాలదన్నట్టు ఇంకొక చిక్కు వచ్చి పడింది. పైన బండి తిరుగుతుంటే ఆ గరగరమనే చప్పుడు రాతి మీదుగా కిందికి సన్నగా దిగుతుంది. దానికి బిడ్డ ఏడుపు మానుతోందని సుచరిత కనిపెట్టింది. ఇక చూసుకోండి.

"నాయనా, పాప ఏడుస్తాంది! రైలు తిప్పు నాయనా!"

కింద కూతురు సంబరంగా పిలుస్తుంది. ఆయన ఒక్కొక్క మెట్టూ పిల్లిలా ఎక్కుతాడు. తన బరువు కూడా ఆ కప్పు మీదే కదా! గోడకు ఆనుకుని నిలబడి కంట్రోలర్ తిప్పుతాడు. గూడ్సుబండి బేతంచెర్ల దాటి, పాణ్యం దాటి, నంద్యాలలోకి వస్తుంటే కింది గదిలో ఏమన్నా చప్పుడవుతుందా అని చెవులు రిక్కించి వింటాడు. జీవితంలో ఏ బండి కోసం తపించాడో ఆ బండి ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూడవలసి వచ్చింది.

కొంత బరువైనా తగ్గిద్దామని కొండ రాళ్ళు కూరగాయల సంచిలో వేసుకుని పెరట్లోకి దించసాగాడు. సుబ్బరత్నమ్మ చూసింది.

"ఏంది అవి?"

"కొండ సరిగ్గా కుదరలేదు, మారుస్తాండా."

కొండ సగమైంది గానీ పెద్ద బండలు ఒక్కడితో కదిలేవి కావు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి వచ్చి చేతులు కడుక్కోకముందే గదిలోకి తొంగి చూశాడు. కాగితం తెగి ఉంది. ఒక ముక్క వేలాడుతోంది. కింద ఉయ్యాలలో బిడ్డకు కప్పిన గుడ్డ మీద చిటికెడు తెల్లటి పొడి. సుచరిత అటు తిరిగి నిద్రపోతోంది.

నాగసుబ్బయ్య ఏమని అరిచాడో ఆయనకే తెలియదు. బిడ్డను గుడ్డతో సహా ఎత్తుకుని, కూతురి రెక్క పట్టుకుని లేపి, వేపమండలు తెగి కింద పడుతున్నా చూసుకోకుండా హాల్లోకి లాక్కొచ్చాడు. వంటింట్లోంచి సుబ్బరత్నమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమాయ? పాపకేమాయ?"

"కప్పు... పైన బండల బరువుకు కప్పు నెర్రె ఇచ్చింది. ఎవురూ గదిలోకి పోవద్దండి."

"ఎప్పుడు ఇచ్చింది?"

ఈసారి కూడా మాట గొంతు దాకా వచ్చి ఆగబోయింది. ఆగనివ్వలేదు.

"ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే చూసినా."

సుబ్బరత్నమ్మ గరిటె పక్కన పెట్టి, భర్త చేతుల్లోంచి బిడ్డను తీసుకుని కూతురికి అందించి, ఆ గుడ్డ మీది పొడిని కొంగుతో తుడిచింది. సుచరిత తండ్రి మొహంలోకి ఒక్కసారి చూసి, బిడ్డను సర్దుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

బేల్దారి ఏసేపుకు ఫోను చేస్తే గంటలో వచ్చాడు. ఆ ఇంటి స్లాబు పోసినప్పుడు ఏసేపు తండ్రితో పాటు తట్టలు మోసినవాడే. నిచ్చెన వేసుకుని సుత్తితో కప్పంతా తట్టాడు. నెర్రె దగ్గర బోలుగా పలికింది. ఇంకో దెబ్బకు పైపూత సిమెంటు పెళ్ల ఒకటి, చేటంత, ఉయ్యాల ఉండిన చోట పడి ముక్కలైంది. ఏసేపు ఆ చోట చెయ్యి పెట్టి రుద్ది, పైకి పోయి బండలు చూసి, దిగి వచ్చి నవ్వాడు.

"ఏమప్పా శెట్టీ, ఇంత మాత్రానికే అదురుకున్యావా? స్లాబు ఇనప్పెట్టె మాదిరి ఉండాది. ఫ్యాను కొక్కెం కాడ ఎప్పుడో తేమ దిగి పైపూత ఉబ్బింది, అంతే. నీ రైలుకూ దీనికీ సంబంధం లేదు. బండలు మాత్రం గోడల పక్కకు జరుపుకో, మంచిది."

"అంటే కూలేది లేదు కదా?"

"యాడ కూలుతాది? మొదుట్లోనే పిలిచింటే అర్ధపూటలో గీకి పూసిపోతాంటి."

నాగసుబ్బయ్య మెట్ల మీద కూర్చుండిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తను చెప్పకుండా దాచింది అర్ధపూట పని. దాన్నే ఇన్నాళ్ళూ కొండలా మోశాడు.

పని మొదలుపెట్టించి పక్కనే నిలబడ్డాడు. బోలు పలికినంత మేరా గీకించి కొత్త పూత పూయించాడు. పైన హమాలీలు బండలను గోడల పక్కకు జరిపారు. బాలింత గదిని ఆయనే కడిగాడు. మంచం వేశాడు, కొత్త వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టాడు. పూత ఆరాక హాల్లోకి వచ్చాడు. అక్కడ సుచరిత చాప మీద గోడకు ఆనుకుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"గది తయారయింది అమ్మా. లే, పోయి హాయిగా పండుకో. ఏసేపు చెప్పినాడు గదా, శానా గట్టిదంట కప్పు."

"ఈడనే ఉంటాలే నాయనా."

"ఈడ జనం తిరుగుతాంటారు. మీ అమ్మ ఒప్పుకోదు."

సుచరిత తలెత్తింది. కోపం లేదు ఆ మొహంలో. చిన్నప్పుడు జ్వరం వస్తే ఎలా చూసేదో అలా చూసింది.

"కప్పు గట్టిదేలే నాయనా. అది గట్టిదో కాదో నీకు తెలీని దినాల్లో కూడా నన్నూ పాపనూ దాని కిందనే ఉండనిచ్చినావు గదా. నాకు ఆ గదిలో నిద్ర రాదు."

నాగసుబ్బయ్య వంటింటి వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది గానీ, ఆచారం మాట ఎత్తలేదు.

సుచరిత స్నానానికి లేచింది. నీళ్ళు కాగాయని తల్లి పిలుస్తోంది. పక్కన ఇంకెవరూ లేకపోవడంతో బిడ్డను తండ్రి చేతికి అందించింది. అందించి, తన చెయ్యి వెంటనే తీసేయకుండా కొంచెంసేపు బిడ్డ కిందే ఉంచింది.

"తల కింద చెయ్యి పెట్టు నాయనా. జాగ్రత్త," అంది.

ఇన్నాళ్ళూ బిడ్డను ఇచ్చినప్పుడల్లా ఆ మాట అందరికీ చెప్పింది గానీ ఆయనకు చెప్పలేదు. నాగసుబ్బయ్య తల కింద చెయ్యి పెట్టుకుని, కూతురు స్నానం చేసి వచ్చేదాకా కదలకుండా అక్కడే నిలబడ్డాడు.