బొమ్మ వెనక దీపం

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఫాల్గుణ మాసం తిరునాళ్ళకు నన్ను ఆత్మకూరు పంపారు. నేను హస్తకళల విభాగంలో అభివృద్ధి అధికారిని. తిరునాళ్ళ మైదానం పక్కనున్న బడి గదిలో ప్రాంతీయ కళాప్రదర్శన ఏర్పాటు చేసి, ముగ్గురు న్యాయనిర్ణేతలతో మార్కులు వేయించడం నా పని. మొదటి రెండు స్థానాల వారికే ఆ ఏటి కళాకారుల గుర్తింపు కార్డు. అది ఉంటేనే రాష్ట్ర ప్రదర్శనల్లో స్టాలు దొరుకుతుంది.

ఉదయగిరి నుంచి మస్తాన్ కొయ్య గరిటెలు తెచ్చాడు. దుత్తలూరు వైపు నుంచి పెంచలమ్మ తోలుబొమ్మలు తెచ్చింది. మేకతోలును పల్చగా గీకి, చిల్లులు పొడిచి, రంగులద్ది చేసినవి. ఆటలు ఆడించేవాళ్ళు కరువై ఆమె కూలికి పోతోంది. కార్డు వస్తే మళ్ళీ బొమ్మల మీద బతకొచ్చని ఆశ.

నిబంధన ప్రకారం బొమ్మలను తెల్ల అట్టకు గుచ్చించి, నంబరు చీటీ అంటించాను.

"బొమ్మ ఎనకాల దీపం పెట్టాల సారూ. మా నాయన కాలం నుంచీ అంతే," అంది పెంచలమ్మ.

ఆ ఉదయమే ప్రారంభోత్సవంలో జ్యోతి వెలిగించవద్దని వాదించి గెలిచినవాణ్ణి. 'నాయన కాలం నుంచీ' అనగానే నాకు ఒళ్ళు మండింది. ప్రభుత్వ గదిలో పూజలకు చోటు లేదని, మూఢాచారాలు కళను బతికించవని ఉపన్యాసమే ఇచ్చాను.

"ఊరుకో పెంచలక్కా. మనకు దయ్యం ఎట్టనో సారుకు దీపం అట్ట," అని మస్తాన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

న్యాయనిర్ణేతలు ఆ అట్ట ముందు ఎక్కువసేపు నిలవలేదు. 'మొరటు తోలు' అని రాసి, మార్కుల పత్రాల మీద సంతకాలు చేసి, కవరుకు లక్క సీలు వేయించి వెళ్ళిపోయారు.

నాలుగు దాటాక పెంచలమ్మ బొమ్మలు విప్పుకొంది. ఒకదాన్ని పట్టుకుని పడమటి కిటికీ ముందు నుంచి నడిచింది. ఎండ ఆ తోలులోంచి గదిలోకి దిగింది. గచ్చు మీద ఎరుపు పారింది. నా తెల్లచొక్కా ఆకుపచ్చ అయింది. నగల చిల్లులు గోడ మీద చుక్కలై మెరిశాయి. బయట రంగులరాట్నం తిరుగుతూ కిటికీకి అడ్డం వచ్చినప్పుడల్లా బొమ్మ కన్ను మూసి తెరిచినట్టుంది. తిరునాళ్ళ పలక డప్పుల మోత నీళ్ళ అడుగు నుంచి వినిపిస్తున్నట్టుంది.

"పూజ అని నేనెప్పుడన్నాను సారూ? ఎనక ఎలుతురు లేకపోతే ఇది మేకతోలే. ఉంటేనే సీతమ్మ. ఏందని అడిగుంటే చెప్పేదాన్ని కదా," అంది.

తప్పు నాదని రాసి, మళ్ళీ పరిశీలన జరిపించమని పైఅధికారిని కోరాను. సీలు వేసిన మార్కులు మార్చే వీలు లేదని జవాబు వచ్చింది. పెంచలమ్మ మిరప కోతలకు వెళ్ళిపోయింది. తోలుబొమ్మలను వెనక వెలుతురుతోనే చూపాలన్న వాక్యాన్ని మరుసటి ఏడు నిబంధనల్లో చేర్పించాను. ఆ ఏటి దరఖాస్తుల్లో ఆమె పేరు లేదు.

పాత ఆచారాల్లో చాలావరకు చెత్తేనని ఇప్పటికీ అంటాను. అయితే ఏది చెత్తో తేల్చవలసింది కోపం కాదు, ప్రశ్న. ప్రశ్నించనిదే ఏదీ నమ్మవద్దని ఎన్నో వేదికల మీద వాదించాను. ప్రశ్నించనిదే దేన్నీ కొట్టిపారేయకూడదు కూడా. దీపం ఎందుకని ఆ రోజు నేను అడగలేదు.