పైపైన చూసిన పత్తి

ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పనిచేసేటప్పుడు చేసిన తప్పు ఇది. రైతు తెచ్చిన పత్తిని ఫోటో తీస్తే, అది ఏ రకమో మా ప్రోగ్రాం చెప్పేది. పైన నడిచే పైథాన్ స్క్రిప్టు రాసింది నాతో పనిచేసే గోనెగండ్ల ఊరి అమ్మాయి. వాళ్లింట్లో కూలికి పోకుండా కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి. లోపల లెక్కలు చేసే, సి భాషలో రాసిన మాడ్యూల్ నాది. దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

సీజన్ మొదలయ్యాక ఒక్కో ఫోటోకు రెండు నిమిషాలు పట్టసాగింది. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి, ఓనరు మా మీద విరుచుకుపడ్డాడు. ప్రోగ్రాంలో ఏ లైన్ దగ్గర ఎంతసేపు పోతోందో చూపే ప్రొఫైలర్ నడిపాను. ఆలస్యమంతా ఆ అమ్మాయి రాసిన ఒక్క లైన్ మీదే కనపడింది.

"అన్నా, ఆ లైన్లో నేను సేసింది నీ మాడ్యూల్‌ని పిలవడమే కదా. లోపల ఏమైతాందో సూడు," అంది.

"ప్రొఫైలర్ అబద్ధం చెప్పదమ్మా," అన్నాను. ఓనరుకూ అదే చెప్పాను. సాయంత్రానికి ఆమె పని పోయింది.

ఆ లైన్ నేనే తిరగరాశాను. ఆలస్యం ఇసుమంతైనా తగ్గలేదు.

మిల్లులో పత్తి నాణ్యత చూసే పెద్దాయన ఒకరోజు లోడులోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, లోపలి నుంచి గుప్పెడు పత్తి లాగాడు. "పైన యెప్పుడూ మంచిదే పెడ్తారప్పా. కడుపులో సెయ్యి పెట్టి సూడల్ల," అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. నా ప్రొఫైలర్‌కు సి లోపల ఏం జరుగుతోందో కనపడదు. అందుకే భారమంతా పిలిచిన లైన్ మీద వేసింది. అది నాకు తెలియనిది కాదు. లోపలిదాకా చూసే ఇంకో ప్రొఫైలర్ నడిపాను. నా మాడ్యూల్ ఫోటోలో చిన్న ముక్క చూడాల్సిన ప్రతిసారీ ఫోటో మొత్తాన్ని కాపీ చేస్తోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగను నేనే.

సరిచేశాక క్షణంలో జవాబు వచ్చింది. "నువ్వు గట్టోనివప్పా!" అని ఓనరు భుజం తట్టాడు. థాంక్స్ సార్ అన్నాను.

ఆదివారం గోనెగండ్ల పోయాను. ఆమె వాళ్లమ్మతో కలిసి ఎవరిదో చేనులో పత్తి తీస్తోంది. తప్పు నాదేనని చెప్పాను.

"ఓనరుకు సెప్పినావా అన్నా?"

లేదన్నాను.

"ముందు ఆడ సెప్పు. ఈడ నాకు సెప్తే ఏం వస్తాది?" అని సాలులోకి వంగింది.

తిరుగుదారిలో ఎమ్మిగనూరులో బస్సు దిగాను. ఓనరు ఉండే ఆదోనికి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను అది ఎక్కకుండా, ఆ ఊళ్లోనే ఉన్న మా ఇంటి దారి పట్టాను.