బాయిలర్లో నిద్రపోయిన యాసిన్

రేపల్లె రైస్‌మిల్లుల్లో యాసిన్ పేరెత్తితే ముందు నవ్వుతారు, తరవాత పనితనం గురించి చెబుతారు. ఉప్పుడు బియ్యం మిల్లులో ఆయన బాయిలర్ మనిషి. ఏడాదికోసారి బాయిలర్ చల్లార్చి, నీళ్ళు తీసేసి, లోపల గోడలకు పట్టిన సున్నపు పెచ్చుల్ని సుత్తితో రాలగొట్టాలి. పైనున్న కంతలోంచి దూరగలిగేంత సన్నటి మనిషి మిల్లు మొత్తానికి ఆయనొక్కడే. దూరినవాడు దూరినట్టే లోపల కునుకు తీసొచ్చిన ఘనుడు కూడా ఆయనొక్కడే. ఈ కునుకు కథ మిల్లు గేటు దాటి, టీకొట్లు దాటి, పెళ్ళి భోజనాల దాకా పాకింది. ఎవరు చెప్పినా ఆయనా నవ్వుతాడు. నవ్వక ఏం చేస్తాడు, కథ కట్టింది తనే.

జరిగింది వేరు. బాయిలర్లోకి దిగినవాడు చెప్పులు కంత పక్కనే విడవాలని ఆ మిల్లులో ఆనవాయితీ. చెప్పులున్నంతసేపు మూత మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. కిందటేడు ఆగస్టులో ఒక శుక్రవారం జల్లు పడుతుంటే, ఊడ్చే కృపమ్మ పాపం తడిసిపోతాయని ఆ చెప్పులు తీసి చూరు కింద పెట్టింది. ఒంటిగంట కావస్తుండగా బాయిలర్ మేస్త్రీ ముత్తయ్య వచ్చాడు. చెప్పులు లేవు. శుక్రవారం గదా, యాసిన్ పని ముగించుకుని నమాజుకు పోయుంటాడనుకున్నాడు. మూత పెట్టి, నట్లు బిగించి, తానూ భోజనానికి పోయాడు. రెండింటికి అందులోకి నీళ్ళు వదలాలి.

రెండుకు పది నిమిషాలుందనగా ముత్తయ్యకు చూరు కింద చెప్పులు కనబడ్డాయి. మూత విప్పి యాసిన్‌ని బయటికి లాగాడు. పదిహేనేళ్ళ వయసులో చేరిన తనకు పని నేర్పిన మనిషి, మొహంలో నెత్తురు చుక్క లేకుండా ఎదురుగా నిలబడి ఉంటే యాసిన్‌కు జాలేసింది. "చల్లగా ఉంది బాబాయ్, నిద్ర పట్టేసింది" అనేశాడు. ఆ జాలే ఆయన కొంప ముంచింది. మిల్లంతా పగలబడి నవ్వింది. ఇంటికెళ్ళేసరికి భార్య రుక్సానా కూడా నవ్వుతోంది. ఇక నిజం చెప్పడానికి చోటేదీ?

ఆ శుభ్రం చేసే పని ఈ ఏడు సోమవారం పడింది. పదిరోజులుగా ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు. స్నానాల గది తలుపు గడియ పెట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. భయమేస్తోందని చెబితే బాయిలర్ మనిషి ఎందుకు పనికొస్తాడు?

ఆ ముందురోజు ఆదివారం, బాపట్లలో డిగ్రీ చదివే కూతురు ఆలియా ఇంటికొచ్చి, ఇద్దర్నీ తెనాలిలో మ్యాటినీకి లాక్కెళ్ళింది. ఆ పిల్ల ఫోన్లో సినిమాల మీద వీడియోలు పెడుతుంటుంది. ఆ రోజు చూసింది తెలుగులోకి మార్చిన భయం సినిమా. అంతరిక్షంలో పోయే ఓడలో ఏడుగురు మనుషులు, వాళ్ళను ఒక్కొక్కర్నే తినే జంతువు. దాన్నుంచి తప్పించుకోవడానికి ఒకడు ట్యాంకులో దూరాడు, బయటినుంచి ఇంకొకడు మూత వేసేశాడు. అంతే, యాసిన్ లేచి, అందరి కాళ్ళూ తొక్కుకుంటూ బయటికి పోయాడు. సినిమా అయ్యేదాకా సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డాడు.

తిరుగు రైలు వేమూరు దాటాక ఆలియా ఫోన్ తీసింది. "అమ్మా, నీ అభిప్రాయం చెప్పు."

"అభిప్రాయమేముంది, బుద్ధిలేని మనుషులు" అంది రుక్సానా. "తలుపు తియ్యొద్దురా అంటే వెళ్ళి దాన్నే తీస్తాడు. ఏడుగురూ ఒకేచోట కూచుంటే ఏం పోయిందంట? ఆ జంతువు మాత్రం బాగుంది, శుభ్రంగా ఉంది."

"నాకైతే ఒళ్ళు మండింది. అంతరిక్షంలో గాలే ఉండదు, పేలుడు చప్పుడు ఎట్టా వినపడుద్ది?" అని ఆలియా ఫోన్ తండ్రి వైపు తిప్పింది. "ఇప్పుడు బాయిలర్లో నిద్రపోయిన వీరుడు, సినిమా హాల్లోంచి పారిపోయినాయన మాట్లాడతారు. చెప్పండి నాన్నా, ఎట్టా ఉంది?"

ఎదురు బెంచీ వాళ్ళు కూడా నవ్వారు. యాసిన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఆ ట్యాంకు సీను తప్పు తీశారమ్మా" అన్నాడు. "లోపలున్నవాడు అట్టా అరవడు. మొదట రెండుసార్లు అరుస్తాడు, సుత్తితో గోడ బాదుతాడు, విన్నవాళ్ళు పని జరుగుతుందనుకుంటారు. తరవాత గాలి అయిపోద్దని నోరు మూసుకుంటాడు. లైటు కూడా ఆర్పేస్తాడు, బ్యాటరీ ఉండాలిగదా. నీళ్ళు ఎప్పుడొస్తయ్యో అని పాదాలు తడుముకుంటా కూచుంటాడు. పైన మనుషులు నడిచే చప్పుడు వినపడుద్ది. అదే అన్నిటికన్నా భయం."

ఆలియా ఫోన్ దించేసింది. రుక్సానా ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "మీరు నిద్రపోలేదా?" అంది.

"లేదు."

ఏడాదిగా తను ఎన్నిసార్లు ఆ కథ చెప్పి నవ్వించిందో గుర్తొచ్చి రుక్సానాకు సిగ్గేసింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. "రేపు మీరు దిగొద్దు. ముత్తయ్యగారికి ఫోన్ చెయ్యండి, ఇప్పుడే."

"కారణం చెప్తే ఆయన గుండె పగిలిపోద్ది, రుక్సానా."

"మీ గుండో?"

భట్టిప్రోలులో రైలు ఆగింది. యాసిన్ ఫోన్ చేశాడు. ముత్తయ్య పలకగానే, ఊపిరి పీల్చుకోకుండా చెప్పేశాడు. "బాబాయ్, రేపు నేను లోపలికి దిగను. ఇంకెప్పుడూ దిగలేను. ఆ రోజు నేను నిద్రపోలా."



"తెలుసురా" అన్నాడు ముత్తయ్య. "నిన్ను పైకి లాగినప్పుడు నీ వేలిగోళ్ళు విరిగుండటం చూశాను."

"మరి ఏడాదిబట్టి అడగలేదేంటి బాబాయ్?"

"ఎట్టా అడిగేదిరా? నిద్రపోయానని నువ్వు అంటుంటే, నమ్మితే నాకూ బాగుండింది."