రెండు చుట్ల తాడు

మా ఆయన హనుమంతరావు సాగర్ కుడి కాలువ మీద ముప్పై రెండేళ్లు లష్కరుగా చేసి రిటైరయ్యాడు. గేట్లు తిప్పడం ఆయన ఉద్యోగం, చేపలు పట్టడం ప్రాణం. ఈ రెంటి మధ్య నేనెక్కడున్నానో నాకిప్పటికీ తెలియదు.

ఆయనకు గాలం వేయడం నేర్పింది జాన్ సాహెబ్. ఆయనా లష్కరే. ఆదివారం తెల్లారేసరికి ఇద్దరూ జలాశయం ఒడ్డున రాళ్ల మీద ఉండేవారు. ఏనాటికైనా సముద్రంలోకి వెళ్లి గాలంతో ట్యూనా పట్టాలని ఇద్దరికీ ఒకటే కోరిక. నేనూ, జాన్ సాహెబ్ భార్య చాంద్ బీ వదినా కాస్త దూరంగా కూర్చుని, బొచ్చె పిల్ల పడదు గానీ వీళ్లకు ట్యూనా కావాలట అని పడీపడీ నవ్వేవాళ్లం. ఎంత మంచి రోజులవి! జాన్ సాహెబ్ పోయి నాలుగేళ్లయింది.

మా అన్న కొడుకు నరేంద్ర విశాఖలో ట్యూనా బోటు మీద పనిచేస్తాడు. వేసవిలో వేట నిషేధం కదా, మొన్న మే నెలలో విజయపురి సౌత్‌లో మా ఇంటికి వచ్చాడు. నిషేధం అయిపోగానే మామయ్యను తనతో తీసుకెళ్తానన్నాడు. ఇక ఈయన కాలు నేల మీద నిలవలేదు. వాడు తెచ్చిన సంచి వసారాలో గుమ్మరించి, పెళ్లి చీరలు ఎంచినట్టు సామాను ఎంచడం మొదలుపెట్టాడు. ముక్కు లోపలికి తిరిగిన గాలాలు చూసి, ఇవి చేపను పట్టుకుంటాయా ముద్దు పెట్టుకుంటాయా అన్నాడు. చేప పరుగెత్తినప్పుడు అవే మూతి మూలన దిగుతాయని నరేంద్ర చెప్పాక ఒప్పుకున్నాడు. గాలం తాళ్లలో మందమైనది తీశాడు. కొత్త చేతి తొడుగులు పక్కన పెట్టి, గేటు చక్రం తిప్పిన పాత తోలు తొడుగులే వేసుకున్నాడు.

పట్టు ఎలా ఉందో చూస్తానని నరేంద్ర తాడు రెండో కొస పట్టుకుని వీధిలోంచి ఒక్క లాగు లాగాడు. ఈయన చెయ్యి దానంతటదే తాడును అరచేతికి రెండు చుట్లు చుట్టేసింది. మనిషి బోర్లా పడ్డాడు, మోచెయ్యి గీరుకుపోయింది.

నరేంద్ర మొహం మారిపోయింది. జలాశయంలో చేపకు ఈ చుట్లు చెల్లుతాయి గానీ, ట్యూనా అయితే వేళ్లు తెంపుకుని పోతుందన్నాడు. అది లాగితే తాడు జారిపోవాలట.

"ఈ అలవాటు పోకపోతే నిన్ను బోటెక్కించను మావయ్యా. నువ్వేమన్నా అనుకో" అన్నాడు.

ఆ అలవాటు మాన్పించాలని వారం రోజులు వంట మానుకుని మరీ నేను తాడు లాగాను. లాగిన ప్రతిసారీ రెండు చుట్లు. ఒళ్లు మండి తాడు నేలకేసి కొట్టాను. ఆయన కోప్పడలేదు.

"జాన్ భాయ్ నేర్పిందే హైమా. ఇదీ వదిలేస్తే ఆయనది నా కాడ ఇంకేం మిగుల్ద్ది?"

మర్నాడు చాంద్ బీ వదిన వస్తే ఆమెకు జరిగిందంతా చెప్పాను. ఆమె ఒకటే నవ్వు.

"మా ఆయన ఏనాడూ తాడు చుట్టుకోలా హనుమంతూ. రాత్రంతా గేటు కాడ మేలుకుని వచ్చి కూర్చున్న కాడే నిద్రపోయేవాడివి. పాపం పడుకోనీ, చేప లాగితే వాడే లేస్తాడని నీ చేతికి చుట్టించాడు."

ఈయన నమ్మలేదు. అన్నేళ్లు పక్కనే కూర్చున్నాను, నాకు కనపడదా అన్నాడు.

"కళ్లు మూసుకున్నోడివి నీకేం కనపడుద్ది?" అని, వదినే తాడు కొస ఆయన చేతికిచ్చి, వీధిలోకి నడిపించి, రెండో కొస పట్టుకుని గట్టిగా లాగింది.

తాడు ఆయన చేతిలోంచి సర్రున జారిపోయింది. వసారాలో ఉన్న నరేంద్ర నా వంక చూశాడు. ఆయనక్కూడా విశాఖకు బస్సు టికెట్టు కొనెయ్యమని సైగ చేశాను. జాన్ సాహెబ్ పోయిన రోజు కంట తడి పెట్టని మా ఆయన, ఉత్త అరచెయ్యి చూసుకుంటూ నడివీధిలో వెక్కి వెక్కి ఏడ్చాడు.