బుజ్జిగాడి అరుపూ, నా పెరుగన్నం ముద్దా

అందరూ బాగున్నారా? పద్మక్కా, మోకాలి నొప్పి తగ్గిందా? సుబ్బులు వదినా, షుగర్ ఎలా ఉంది? రాజమ్మా, నీ దగ్గు పోయిందా? మీ కబురు తెలియకపోతే నాకు ఒకటే దిగులు.

ఇక్కడ మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంట్‌లో వాళ్ల కుక్కపిల్ల బుజ్జిగాడు, తలుపు దగ్గర చప్పుడైతే చాలు, ఆగకుండా అరుస్తాడు. కింద ఇంటావిడ అపార్ట్‌మెంట్ ఆఫీసులో చెప్పింది. ఇంకోసారి కంప్లైంట్ వస్తే కుక్కని పంపించెయ్యాలన్నారు. మనవరాలు స్వాతి ఒకటే ఏడుపు. నాకు అన్నం సయించడం లేదు.

ఈ రోజు స్వాతి ఇంట్లో ఉండగానే పార్సిల్ తెచ్చినాయన తలుపు కొట్టాడు. బుజ్జిగాడు అరుపు అందుకున్నాడు. నేను గబగబా పెరుగన్నం ముద్ద వాడి నోట్లో పెట్టాను.

"అమ్మమ్మా! అరిచినప్పుడల్లా ఇదే పెడుతున్నావా?" అంది స్వాతి.

"నోరు నిండితే ఊరుకుంటాడని, తల్లీ."

"అరిస్తే పెరుగన్నం వస్తుందని నువ్వే ట్రైనింగ్ ఇచ్చావు! ఊరుకున్నాక పెట్టు."

సాయంత్రం స్వాతే బయటికెళ్లి తలుపు కొట్టింది. వాడు అరుస్తూ నా చేతికేసే చూశాడు. నా ప్రాణం విలవిల్లాడింది. అయినా గోడవైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి నోరు మూశాడు, అప్పుడు పెట్టాను. మళ్లీ కొడితే కాస్త అరిచి, వచ్చి నా ముందు బుద్ధిగా కూర్చున్నాడు!

ఏడ్చిన పిల్లలందరికీ ముద్ద పెట్టి పెంచినదాన్ని, నాకివన్నీ ఏం తెలుసు? మీరెవరైనా ఇలా చేశారా, చెప్పండి.

బుజ్జిగాడు అలా కూర్చున్న ధైర్యంతో కింద ఇంటావిడని టీకి పిలిచాం. తలుపు తనే కొట్టి చూస్తుందట, వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి.