చెల్లెలి వెబ్‌సైటు

మా అమ్మాయి చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటోంది. మొన్న ఆదివారం భోజనాలయ్యాక సెల్‌ఫోన్‌లోనే తన పేరుతో ఒక వెబ్‌సైటు తయారుచేసుకుని, రెజ్యూమె అందులో పెట్టి, కాఫీ వేళకు మా అందరికీ చూపించింది. బాగుందమ్మా అన్నానే గాని, మనసు మాత్రం కడపలో ఒకప్పటి ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళిపోయింది.

మాది మైదుకూరు, పసుపు వ్యాపారం. నా చెల్లెలికి చిన్నప్పటి నుంచీ నత్తి. బయటివాళ్ళ ముందు మాట పెగిలేది కాదు గాని, ఇంట్లో మాత్రం వసపిట్ట. బడిలో జరిగినవీ బస్సులో చూసినవీ అన్నాల దగ్గర కథలు కథలుగా చెప్పేది. ఏదైనా మాట దగ్గర చిక్కుకుని గింజుకుంటూ ఉంటే మేమెవ్వరం ఆ మాట అందించకూడదని మా నాన్న కట్టడి. "పాప మాట పాపే చెప్తాదిలే, మనకేం తొందర" అంటూ, కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని కాచుకునేవాడు.

కంప్యూటర్ డిగ్రీ మంచి మార్కులతో పాసయింది. ఇంటర్వ్యూలకు కర్నూలుకూ హైదరాబాదుకూ నేనే తోడు వెళ్ళేవాణ్ణి. నేను బయట బల్ల మీద సర్దుకుని కూర్చునేలోపే తలవంచుకుని తిరిగి వచ్చేది. అలా తిరిగి తిరిగి, వెబ్‌సైటు ఆలోచన తనకే తట్టింది. "నేను నోరు తెరిసేలోపల నా పని సూస్తారు కదన్నా" అంది. ఆ మాట పూర్తి చేయడానికి ఎంతసేపు పట్టిందో గాని, ఆ ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

అప్పట్లో ఇప్పటిలా వేలితో తాకితే అయ్యే పని కాదు. ఆదివారం వస్తే మేమిద్దరం బస్సెక్కి కడపకు పోయేవాళ్ళం. తను ఒక్కో వరుసా టైపు చేసుకుంటూ పోతే, నేను పక్కన కుర్చీలో కునికేవాణ్ణి. స్టూడియోలో తీయించుకున్న ఫోటో, చదువు వివరాలు, మా అంగడి కోసం తానే రాసిన లెక్కల ప్రోగ్రాము, అడుగున మా ఇంటి ఫోను నంబరు. మా నాన్న కూడా ఒక ఆదివారం వచ్చి, తెరమీద కూతురి పేరు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కొన్నాళ్ళకు నిజంగానే హైదరాబాదు కంపెనీ ఒకటి ఆ వెబ్‌సైటు చూసి ఫోన్ చేసింది. చెల్లెలు పరుగున వచ్చి రిసీవరు ఎత్తింది. అవతల తమ కంపెనీ పేరు చెప్పి, తన పేరడిగినట్టున్నారు. తన పేరులోని మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసింది. మెడనరాలు ఉబ్బాయి. అవతల హలో, హలో అనడం నాక్కూడా వినిపించింది. లైను బాగాలేదనుకుని పెట్టేశారు. మళ్ళీ మోగింది. మళ్ళీ తనే ఎత్తింది. మళ్ళీ అంతే. ఆ తర్వాత మోగలేదు. తన నత్తి సంగతంతా వివరంగా ఈమెయిలు రాస్తే, వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. మీ పని మాకు నచ్చింది, కానీ ఇది ఖాతాదారులతో ఫోన్లో మాట్లాడాల్సిన ఉద్యోగం అని.

ఆ ఆదివారం కూడా కడపకు పోదామంది. ఏవో మార్పులు చేస్తుందనుకున్నాను. కూర్చుని ఆ వెబ్‌సైటు మొత్తం తీసేసింది. "ఇంగ చాలన్నా" అంది, నా వైపు చూడకుండా.

ఉద్యోగం పోతే పోయింది, మన అంగడి ఉండాది కదా అని నాన్న శానా చెప్పిచూశాడు. అంగడి లెక్కలు చూసుకుంటూ ఉండిపోయింది. పెళ్ళి వద్దంది. అన్నాల దగ్గర కథలు ఆగిపోయాయి. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని కొన్నాళ్ళు ఎదురుచూశాడు, ఆ తర్వాత తలవంచుకుని తినడం అలవాటు చేసుకున్నాడు. చివరి రోజుల్లో మంచం పక్కన తననే కూర్చోబెట్టుకుని, ఏదన్నా చెప్పు పాపా అని అడిగేవాడు. తను ఆయన చెయ్యి నిమురుతూ ఉండేది.

మొన్న మా అమ్మాయి, ఇప్పుడు కొన్ని కంపెనీలు ముందుగా రాతలోనే ప్రశ్నలు పంపుతాయనీ, మాట ఇబ్బంది ఉన్నవాళ్ళకు కావలసినంత సమయమిస్తాయనీ చెప్పింది. పక్కనే ఉన్న చెల్లెలు అంతా విని, కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆగి వినడం లోకం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నదంటే సంతోషమే. మా ఇంట్లో అది ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు కూడా, అంగడిలో బేరాలు లేని సాయంకాలాల్లో, పెద్ద జవాబు కావలసిన ప్రశ్న ఏదో ఒకటి తనను అడిగి, కాచుకుని కూర్చుంటాను. తను నవ్వి, తలాడించి ఊరుకుంటుంది.