కత్తిరించిన ప్రశ్నలు

కత్తెర కాగితం మీద కరకరా నడిచే చప్పుడు వింటే చాలు, నాకు రెహానా ఆంటీ గుర్తొస్తుంది. ఈ ఉదయమూ అంతే. ఇంగ్లీషు పాఠాల కింద ఉన్న ప్రశ్నలను కత్తిరిస్తూ కూర్చున్నాను. ఎదురుగా చైనా నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థులు నాకు మతి పోయిందేమో అన్నట్టు చూస్తున్నారు. ఒకప్పుడు నేనూ ఆంటీ వంక అలాగే చూశాను.

ఆమెది హైదరాబాద్ పాతబస్తీ. సింగపూర్‌లోని టోవా పాయో అనే పేటలో మా అపార్ట్‌మెంట్ బ్లాకు కింద చిన్న ట్యూషన్ సెంటర్ నడిపేది. ఇక్కడి యూనివర్సిటీల్లో చేరిన చైనా పిల్లలకు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం నేర్పడమే మా పని. నేను అక్కడ టీచరుగా చేరిన కొత్తలో మెయ్ అనే ఇంజనీరింగ్ అమ్మాయి వచ్చింది. ఇంగ్లీషు పరీక్ష అప్పటికే ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే సీటు పోతుంది, ఇంటికి వెళ్ళిపోవాలి. పొద్దస్తమానం ప్రాక్టీసు పేపర్లే. ముందు ప్రశ్న చూసేది. అందులోని మాట పాఠంలో ఎక్కడుందో వేలు పెట్టి వెతికి, దొరికిన చోట జవాబు పట్టేసేది. చిన్నప్పటి నుంచి బళ్ళో అలాగే తర్ఫీదు ఇచ్చారట. అసలు పరీక్షలో అవే మాటలు ఉండవు కదా, అక్కడ బోల్తా పడింది.

ఒకరోజు ఆంటీ ఆమె పేపరు తీసుకుని ప్రశ్నలన్నీ కత్తిరించి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. మిగిలిన పాఠం చేతికిచ్చి, ఇందులో ఎవరికి కష్టమొచ్చిందని మాత్రం అడిగింది. మెయ్ ప్రశ్నల కోసం కాగితం అడుగున వెతుక్కుంది. కళ్ళనిండా నీళ్ళు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల వెళ్ళాక, పరీక్ష నెత్తిమీదికొస్తుంటే ఇదేం చాదస్తమని ఆంటీని నిలదీశాను.

"టైం లేదనే చదివిస్తున్న బేటా," అంది కత్తెర డ్రాయర్లో పెడుతూ. "ఎతకడం ఆ పిల్లకు ఎప్పుడో వచ్చు. చదవడమే రాలే."

ఆ తర్వాత ప్రతి క్లాసూ అంతే. మెయ్ బతిమాలింది, అలిగింది, కొన్నాళ్ళు రావడమే మానేసింది. ఆంటీ ఫోన్ చేసి పిలిపించింది కానీ ప్రశ్నలు మాత్రం ఇవ్వలేదు. ఒకరోజు, మూతపడబోతున్న పుస్తకాల కొట్టు గురించిన పాఠం వచ్చింది. కష్టం ముసలి యజమానిదేనని నేను తేల్చేసుకున్నాను. మెయ్ చాలాసేపు చదివి తలెత్తింది.

"ఆయనకు కాదు, కూతురికి. కొట్టు మూసేయాలన్న సంగతి ఆయనకు చెప్పాల్సింది ఆమే," అంది ఇంగ్లీషులో.

పాఠం మళ్ళీ చదివాను. నిజమే. ఆంటీ బ్యాగు తెరిచి ప్రశ్నల ముక్క ఆమె చేతిలో పెట్టింది.

ఫలితాలొచ్చిన రోజు మెయ్ ఫోన్ చేసి, పాసయ్యానంటూ ఏడ్చేసింది. ఆంటీ కూడా కళ్ళు తుడుచుకుంటూనే, ఇంతకీ పరీక్షలో ఇచ్చిన పాఠంలో ఎవరికి కష్టమొచ్చిందని అడిగింది. అంతే, మెయ్ కథంతా చెప్పుకొచ్చింది, ఒక్క మనిషినీ వదలకుండా. ఆ సంతోషం నేనింకా మరిచిపోలేదు.

ఆంటీ పోయి ఏడాది దాటింది. ఈ కత్తెర ఆమెదే. ముందు వరసలో కూర్చున్నతను ప్రశ్నలేవి టీచర్ అంటున్నాడు. నా బ్యాగులో ఉన్నాయి, ముందు చదువు అన్నాను. రేపు బతిమాలతాడు, ఎల్లుండి అలుగుతాడు. అలగనీ. చదివేదాకా నేనివ్వను.